నోరున్న లెక్క

ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్లు
తక్‌పట్టీలు రాసిన చెయ్యి ఇది.
మిరప ఘాటుకు తుమ్ముడు మానేసిన ముక్కు.
నలభై ఆరేండ్లకు మొదటిసారి
నల్లటి తెర ముందట కూసున్న.

నేర్పేది హమాలీ మొగిలయ్య బిడ్డ రవళి,
పాలిటెక్నిక్ రెండో ఏడు.
అడ్తి దుకాణం షటర్ సగం దించినంక
గోనెసంచుల మీద లాప్‌టాప్ పెట్టి చెప్తది.

నేను రాసిన మొదటి ప్రోగ్రాంల
బస్తాలు నలభై, ధర పద్దెనిమిది వేలు
లోపల్నే రాసి పెట్టిన.
ఇంకో రైతు వస్తే
ఫైలు తెరుచుడు, నలభై చెరుపుడు, పదిహేను కొట్టుడు, మూసుడు.
మళ్లొక రైతు, మళ్ల తెరుచుడు.
రవళి చూసి చూసి పక్కున నవ్వింది.
"బువ్వ పెట్టనీకి పూటపూటకు కడుపు కోస్తరా కాకా?
దానికి నోరున్నది గద!"

నోరు ఏడున్నదో చూపెట్టింది.
పైథాన్ అని పిలువు, తూకం డాట్ పై అని ఫైలు పేరు చెప్పు,
ఆ గీత మీదనే నడుమ నడుమ ఖాళీ ఇడిసి
ఏం తినిపిస్తవో తినిపియ్యి అన్నది.
రైతు, బస్తాలు, కిలోలు, ధర.
ఎంటర్ కొడితే
అన్నీ వరుసకట్టి లోపలికి పోతయి,
తెల్లారుజాము గేటుకాడ ట్రాక్టర్ల తీరు.

లెక్కపెట్టుడు మాత్రం సున్నా నుంచి.
సున్నా ఎవలు? అని అడిగిన.
ఫైలు పేరేనట. పిలిచిన పిలుపే మొదటి మాటనట.
దడ్వాయి కొమ్మాలు యాదికొచ్చిండు.
"ఓ కొమ్మాలూ" అన్నంకనే గద
ఎంత సరుకైనా కాంటా ఎక్కేది.
పిలుపుకు తూకం లేదు,
అయినా దానికో జాగ ఉన్నది.

ఆ రాత్రే బోల్తా పడ్డ.
నలభైకి రెండు కలుపుమంటే
నాలుగొందల రెండు అన్నది.
నోట్లెకెల్లి పోయేటియన్నీ దానికి అక్షరాలేనట,
నలభై పక్కకు రెండును కుట్టేసింది
దబ్బనంతోని సంచి మూతి కుట్టినట్టు.
ఇది అంకె అని మనమే చెప్పాలె.
రైతుకు బస్తాలు ఎక్కువ రాసింది
ఈ యార్డుల ఇదొక్కతే అని
ఇద్దరం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం.

తెల్లారి గుగులోతు భద్రు కాడ ఆగింది.
గుగులోతును రైతు అనుకున్నది,
భద్రును బస్తాల సంఖ్య అనుకున్నది.
నడుమ ఖాళీ కనవడితే చాలు
మనిషిని రెండు చేస్తది.
పేరుకు అటొకటి ఇటొకటి కొటేషను గుర్తు పెట్టినంక
భద్రు ఒక్క మనిషై నిలబడ్డడు.

అంతా కుదిరినంక సేటు వచ్చి చూసిండు.
భుజం తట్టిండు, చాయ్ చెప్పిండు,
చెవుల ఒక్క మాట ఏసిండు.
"బస్తకు రెండు కిలోల తరుగు లోపల్నే రాసెయ్యి.
దినాం అడుగుడెందుకు, చెప్పుడెందుకు?"

లోపల్నే.
ఇన్నేండ్లు నేను లోపల రాసినవి
ఘాటెక్కినట్టు ఎక్కినయి నెత్తికి.
తక్‌పట్టీల మీద కనవడని రెండు కిలోలు,
ఎవ్వలు పలకని అంకె,
పలకలేదు గాబట్టి ఎవ్వలు అడగని అంకె.
రాసింది సేటు కాదు. ఈ చెయ్యి.

రవళికి గూడ చెప్పలే.
తరుగును పట్టి బయటికి గుంజి
గీతకు చివరి మాటగ నిలబెట్టిన.
ఇగ అది చెప్పకుంటే కదలదు,
వరుసల ఆ జాగ లేదు అని లొల్లి పెడతది.

పొద్దుగాల నాలుగే చెప్పి ఎంటర్ కొట్టిన.
ఆగింది.
సేటు గల్లపెట్టె కాడ ఉన్నడు.
భద్రు నా ఎనుకనే నిలబడి
తువాల సదురుకుంట తెర దిక్కు చూసిండు.
చదువు రాకున్నా ఆగుడు ఎరుకే ఆయనకు.
"ఏమడుగుతాంది సారూ?"

తరుగు ఎంతనో చెప్పుమంటాంది, అన్న,
జర్ర గట్టిగనే.

సేటు పెన్ను మూత పెట్టిండు, తీసిండు.
తెర మీద కర్సరు
ఆరుకుంట ఎలుగుకుంట
ఉన్నకాన్నే ఉన్నది.