ఐదు లీటర్ల డబ్బా

ఎక్కడో ఒక జలసంధి మూసుకుందంట.
మా విడవలూరు బంకులో
ఆ పేరుకి నోరు తిరగనోళ్లు కూడా నాలుగు రోజుల్లో నేర్చుకున్నారు,
వేలంలో సొరచేప పేరు పలికినంత సులువుగా.

చీర మీద కంపెనీ చొక్కా తొడుక్కుని
పదేళ్లుగా ఈ గన్ను పట్టుకున్నాను.
అన్నం ముద్దకి కూడా డీజిల్ వాసనే.
మూడు రోజులకొక లోడు వచ్చేది,
వారానికొకటయింది.
ఆ తర్వాత ట్యాంకరు డ్రైవరు ఫోనే ఎత్తలా.

ముందుగా తగ్గింది చప్పుడు.
వరికోత మిషన్లు గట్టెక్కి నిలబడ్డాయి.
గంటకి మూడు వేలున్నది నాలుగున్నర అనేసరికి
రైతు అటక మీద కొడవలి కోసం చెయ్యిపెట్టి
తుప్పు రాసుకుని దిగాడు.
తర్వాత ఇడ్లీ.
సుబ్బరత్నమ్మ ధర పెంచలా. సిగ్గుపడి
ప్లేటుకి నాలుగున్నవి మూడు చేసింది.
తర్వాత ఐసు. ఐసు లేక
రామతీర్థం పడవలు ఇసకలో బోర్లా పడుకున్నాయి.

ధర మాత్రం కదల్లా.
బోర్డు మీద ఎర్రంకెలు
పెళ్లిఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకున్నాయి.
ఇరవై రెండున ఉపఎన్నిక.
"ఓటేసినాక చూడమ్మా, అంకెలకి కాళ్లొస్తాయి"
అన్నాడు మేనేజరు వహీద్ భాయ్,
నిచ్చెనెక్కి చేత్తో అంకెలు మార్చిన కాలం నాటి మనిషి.

అప్పుడొచ్చాయి చీటీలు.
రెండు పార్టీలు, రెండు రంగులు,
ప్రచారం బండికి ఇరవై లీటర్లు.
చీటీ ఉన్నోడికే ముందు, ఓనరు మాట.
ఒక మైకు ధర పెరగనియ్యమని ఒట్టేసింది,
ఇంకో మైకు సరుకేదని నిలదీసింది.
రెండు మైకులకీ పాలుపట్టింది నా గన్నే.
ఇంజన్లు ఆపకుండానే తాగి పోయాయి.

రాత్రి రెండున్నరకి మాలకొండయ్య వచ్చాడు.
రెండు క్యాన్లు, కాళ్లకి చెప్పుల్లేవు.
మూడెకరాల వనామి, ఎనభై రోజుల పంట,
ఒంటిగంటకి పోయిన కరెంటు ఇంకా రాలా.
జనరేటరు దగ్గి ఆగింది.
ఏరేటరు రెక్కలు ఆగిన గుంటలో
నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉండాయంట.
"రొయ్య పైకొచ్చేసిందమ్మా,
మీసాలు గాల్లోకి పెట్టి
నా వైపే చూస్తా ఉండాది."

భూమిలోపల నాలుగొందల లీటర్లు ఉండాయి.
చీటీలవి.
నేను లేదని తలూపాను. ఆయన పోలా.
క్యాన్ల మూతలు తీసి పెట్టుకుని
అట్నే గట్టున కూర్చున్నాడు.

పొద్దున ఆరింటికి చేసే టెస్టింగ్
ఆ రాత్రి రెండున్నరకే చేశాను.
సర్కారు ముద్రున్న ఐదు లీటర్ల డబ్బా.
గన్నుకొకసారి నింపాలి,
మెడ మీద గీత సరిపోయిందో లేదో చూడాలి,
తిరిగి ట్యాంకులో పోసెయ్యాలి.
గీత సరిపోయింది.
పోయలా.
రెండు గన్నులు, రెండు డబ్బాలు.
డబ్బులియ్యబోతే వద్దన్నాను.
లెక్కలో లేని దానికి వెల ఎట్టా కడతాను?

తెల్లారేదాకా ఒక గుంటకి చాలింది.
ఎండొచ్చినాక నీళ్లు తమంతట తామే ఊపిరి తీసుకున్నాయి.
రెండో గుంట దగ్గర పైకేమీ కనపళ్లా.
చచ్చిన రొయ్య తేలదు,
అడుక్కి దిగి ఎర్రబడుతుంది.
వలేసి లాగితేగానీ నష్టమెంతో తెలీదు.

ఇరవై రెండు సాయంత్రం ఆరింటికి పోలింగ్ అయిపోయింది.
పన్నెండింటికి ఫోన్లో మెసేజీ.
మా కళ్లముందే అంకెలు దొర్లాయి,
రూపాయి కాదు, రెండు కాదు, పదకొండు.
రోడ్డు మీద కుక్క కూడా లేదు చూసేదానికి.

వహీద్ భాయ్ ట్యాంకులో కొలత కడ్డీ దించాడు.
తీసి, టార్చి వేసి, తడి గీత చూశాడు.
నా వైపు చూశాడు.
రిజిస్టరు ఆయనే తీసుకుని
"ఎండలు ముదిరినాయమ్మా" అంటా
ఆవిరి గడిలో పది రాశాడు.

సముద్రం గాలికి
మా ఇద్దరి చేతులూ చల్లబడి ఉండాయి.