తుప్పు

గ్దీనియా రేవులో నలభై ఏళ్లు
ఓడల పొట్టల తుప్పు గీకిన బొగుమీవ్
ఇప్పుడు గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఈ తుప్పు పాకుతోంది.
పగడం నిండా గోరంతైనా లేని
ఎర్రమట్టి రంగు చదును పురుగులు,
దీపం వెలగ్గానే ఎండ కాచుకుంటూ.

మందు వెయ్యొచ్చు. కానీ
అన్నీ ఒక్కసారే చస్తే వాటి ఒంట్లో విషం
నీళ్లంతటా కలుస్తుంది. ముందు
పసుపు చేప పోతుంది.
కిందటేడు పోయిందలాగే,
హలీనా ముద్దుపేరు పెట్టుకున్నది.

అందుకే సన్నగొట్టం నోట పెట్టి పీలుస్తాడు,
ఉప్పునీళ్లు తుపుక్కున ఉమ్మి
బకెట్లోకి ఒక్కొక్కటే.

నూటపద్నాలుగు.
బయట బాల్టిక్ మీద మంచు.
నడుం పట్టేసింది. మిగతావి రేపు,
అని దీపం ఆర్పాడు గానీ
టార్చి వేసి ఇంకోసారి వంగాడు.