నలభయ్యో గీత తర్వాత

హాజరు పట్టీలో పేజీకి నలభై గీతలు.
అచ్చేసినవాడి లెక్క అది.
నా గదిలో తొంభై ముగ్గురు.

నలభయ్యో గీత దాటితే చోటు లేదు,
పేజీ తిప్పితే వచ్చే నెల.
అందుకని మార్జిన్లో రాస్తాను,
అట్ట లోపలివైపు రాస్తాను,
పొట్నూరు తారిణి పేరు
"ఇచ్చట వ్రాయరాదు" అన్నచోట రాశాను.
ఆ పిల్ల ఒక్కరోజు మానదు.
వ్రాయరాని చోటు నుంచే
"ప్రెజెంట్ మేడం" అంటుంది.

బరంపురంలో, గేటు బజారు వెనక
మూడు తెలుగు బడుల్ని కలిపి ఒకటి చేశారు.
పిల్లల్ని కలిపారు గాని
గదుల్ని తేవడం మర్చిపోయారు.
రిటైరైన మాస్టర్ల కుర్చీలు మాత్రం వచ్చాయి,
రిక్షాలో, ఒకదాని మీద ఒకటి బోర్లా.

తుఫానుకి రెండో గది రేకులు లేచిపోయాయి.
ఒకటి ఎక్కడుందో నాకు తెలుసు,
ఢిల్లేశు వాళ్ల కోళ్లగూటి మీద.
అడగలేదు. కోళ్లైనా తడవకుండా ఉన్నాయి.
ఎస్టిమేటు కట్టి పంపి నాలుగు వానాకాలాలు.
ఆ కాగితం భువనేశ్వర్ వెళ్లింది,
సంతకానికి ఛత్రపురం వచ్చింది,
మళ్లీ వెళ్లింది,
నాకంటే ఎక్కువ ఊళ్లు చూసింది.
ఈ ఏడు డబ్బొచ్చింది
గోడకి రంగు వేయమని.
బయటి గోడకి. రోడ్డు వైపు.

ముగ్గురి బెంచీ మీద ఆరుగురు.
ఆరోవాడు రాయాలంటే
మొదటివాడు ఊపిరి బిగబట్టాలి.
ఎడమచేతి లోచనని చివర కూర్చోబెట్టాను,
మోచెయ్యి గాల్లో ఉండేట్టు.
మూడో తరగతికి ఎక్కం చెబుతుంటే
ఐదో తరగతి పెదాలు కదుపుతుంది,
రెండో తరగతి ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతారు.
పక్కగది ఒడియా పాఠం
సగం గోడ మీంచి దూకి వచ్చి
మా గుణింతాల మధ్య కూర్చుంటుంది.
వాళ్లూ ఎనభై మంది.
సుభాసిని పాఢీ నన్ను సుద్దముక్క అడుగుతుంది,
నేనామెని డస్టరు అడుగుతాను.
భాషలు రెండు.
ఉక్కపోత ఒకటే.

ఇన్‌స్పెక్షనుకొచ్చినాయన గుమ్మంలోనే ఆగాడు,
లోపల కాలు పెట్టే చోటు లేక.
"ఎంతమంది?"
చెప్పాను.
"గదికి నలభై మించకూడదు కదా"
అని నా వైపు చూశాడు,
తొంభై ముగ్గుర్నీ నేనే కన్నట్టు.
పట్టీ చేతికిచ్చాను.
"యాభై ముగ్గురి పేర్లు చదవండి సార్,
బయటికి పంపేస్తాను."
ఆయనకి తెలుగు అక్షరాలు రావు.

తారిణి లేచింది.
నేను చదువుతానని ఒడియాలోనే చెప్పింది.
మొదటి పేరు నుంచి మొదలెట్టింది,
పిలిచిన పిల్లల్లా లేచి నిలబడ్డారు.
అందరూ లేచాక
గదిలో నేల కనిపించింది.
చాలా కాలానికి చూశాను దాన్ని,
కిటికీ కింద పగులు ఇంకా ఉంది.

"నిలబడితే సరిపోతున్నారే!"
అన్నాడాయన. నిజంగా సంతోషించాడు.
ఏదో రాసుకున్నాడు కూడా.

జీపు చప్పుడు వినబడనంత దూరం పోయినా
"కూర్చోండి" అనడానికి నాకు నోరు రాలేదు.
వాళ్లే కూర్చున్నారు,
గోడ పక్కవాళ్లు ముందు,
తర్వాత వాళ్లని ఆనుకున్నవాళ్లు,
పొట్టలు లోపలికి లాక్కుని.

తారిణి పట్టీ తిరిగిస్తూ
కాసేపు అక్కడే నిలబడింది.
"మేడం, నా పేరు కింద గీత నేదు."
స్కేలడిగింది.