ఏప్రన్ బూడిద

లా షో ద ఫోన్, నాలుగో అంతస్తు.
మంచు వెలుతురు కిటికీలోంచి నేరుగా బల్ల మీదికి.
ఒదీల్ పెర్నూ ఊపిరి బిగబట్టి
గడియారం వీపున చెక్కుతోంది
వెంట్రుకవాసి గీత, పక్కనే ఇంకో గీత.
ద్రాక్షతీగ మెలిక పడేచోట
ఉలి కాదు, గడియారమే తిరగాలి.

జేబులో వేసుకునే ఆసామికి
తీగ కనపడదు. బొటనవేలికి తెలుస్తుంది.
ముప్పై ఏళ్ళకి అదీ అరిగిపోతుంది.

సాయంత్రం చేతులు కడిగిన నీళ్ళు కూడా
యజమానివే. వడగడతారు.
ఏడాది చివర ఆమె ఏప్రన్ కాల్చి
బూడిదలోంచి రవ్వంత బంగారం తీశారు.
తూచారు. రాసుకున్నారు.

ఆ రాత్రి ఇంట్లో తల దువ్వుకుంటే
దువ్వెన పళ్ళ మధ్య ఒక మెరుపు.
ఒదీల్ ఎవరికీ చెప్పలేదు.
ఊదెయ్యనూ లేదు.