నూటపన్నెండో పేజీ

కురుపాం మార్కెట్ వెనక సందులో
తవిటయ్య అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి మూడు రూపాయలు, అట్ట చిరిగితే పది.
"ఇది సదివితే రాత్రి నిద్దరుండదు సిస్టరమ్మా" అన్నాడు.
ఎలాగూ ఉండదు, నైట్ డ్యూటీ అన్నాను.

పెద్దాసుపత్రిలో రెండింటికి
వార్డంతా ఒక్క మనిషిలా ఊపిరి తీస్తుంది.
రేవులో ఓడ ఒకసారి కూస్తుంది.
కిటికీ గట్టు మీద ఇనప ఖనిజం నల్లపొడి,
వేలు పెడితే గీత పడుతుంది.
పుస్తకం తెరుస్తాను.

కొండ మీద బంగళా. వాన.
మేడ మీద ఎవరూ తియ్యని గది.
ఆ గదిలోంచి
ఎవరో తల దువ్వుకుంటున్న చప్పుడు.

ఇదే మేడని ముప్ఫై పుస్తకాల్లో ఎక్కాను.
తాళంచెవి ఏ పూలకుండీ కింద ఉంటుందో
ఆ కొత్త కోడలికంటే నాకే ముందు తెలుసు.
అయినా ఆమె మెట్టెక్కితే
చెప్పులో నా బొటనవేలు ముడుచుకుంటుంది.

నవ్వొస్తుంది.
స్ట్రెచర్ వెనకాల మార్చురీ దాకా
అర్ధరాత్రి నడిచినదాన్ని.
ఎన్ని కళ్ళు మూశానో లెక్క రాసుకోలేదు.

మొన్న పద్నాలుగో మంచం,
జాలరిపేట ఎల్లాజమ్మ,
మూడుంబావుకి పోయింది.
దీపం రెపరెపలాడలేదు. కుక్క ఏడవలేదు.
ఫ్యాను తన కిర్రుమనడం మానలేదు.
రిజిస్టర్లో పేరు, టైము, నా పొట్టి సంతకం.
ఆరింటికి ఆ మంచానికి ఉతికిన దుప్పటి,
దాని మీద ఇంకెవరిదో ఎక్స్‌రే.

పుస్తకంలో అలా కాదు.
చచ్చిపోయినామె
మూడొందల పేజీలు పోనంటుంది.
తలుపు కొడుతుంది, అద్దం మీద ఆవిరవుతుంది,
నా దువ్వెన నాకిచ్చెయ్యండి అంటుంది.
ఆఖరికి ఆమె కోసం
దూలాలతో సహా ఇల్లే కూలుతుంది.
ఒక్క మనిషి పోతే
ఆమాత్రం చప్పుడు కావాలి కదా.

భయం అంటారు దీన్ని.
నాకైతే
ఎవరి బాకీయో తీరుతున్నట్టుంటుంది.

నూటపన్నెండో పేజీ అంచున
ఎవరో పెన్సిలుతో రాశారు:
"ఇక్కడ ఆపి మంచినీళ్ళు తాగు."
గుండ్రటి అక్షరాలు, కొమ్ము మాత్రం బారెడు.
తవిటయ్యనడిగితే,
"పుస్తకం వొచ్చి ఇరవయ్యేళ్ళు,
ఎవలని చెప్పను, ఉన్నారో పోనారో."

లేచాను. కూజా చల్లగా ఉంది.
పద్నాలుగో మంచం మీద కొత్తామె దగ్గింది.
డాల్ఫిన్ కొండ మీది దీపం
గోడ మీంచి ఒకసారి పాకిందో,
నేనే అనుకున్నానో.

కేస్‌షీట్ పెన్నుతో ఆ మాట కింద రాశాను:
"తాగాను."
పేజీ తిప్పాను.