నీళ్ళలో వెలగనిది

రుథీనియం ఉప్పు, చిన్న సీసా.
ధర చెబితే మా అమ్మ
"ఆ డబ్బుతో ఏడాది వంజరం తినొచ్చు" అంది.
ఏడాది అబద్ధం. రెండు నెలలు తినొచ్చు.

నీళ్ళలో వేస్తే వెలగదు.
నీలం కాంతి ఎంత పోసినా
అలిగిన మేనమామలా ఉలకదు, పలకదు.
డీఎన్‌ఏ మెట్ల మధ్య
తడి తగలని ఇరుకు దొరికితే మాత్రం
ఊదిన నిప్పులా ఎర్రబడుతుంది.
నేను కట్టిన అణువు ఇంకా గడుసుది.
మెట్టు బాగుంటే జారి వెళ్ళిపోతుంది,
జత తప్పిన చోట
చాప వేసుకుని కూర్చుంటుంది.

మూడేళ్ళు పట్టింది దాన్ని కట్టడానికి.
అందులో ఓ ఏడాది
ఉప్పుగాలికి తుప్పెక్కిన సిలిండరు మరతోనే సరిపోయింది.

పదిహేడో నమూనా ఎల్లాజీది.
బొగ్గు బెర్తులో పాతికేళ్ళు.
సూది గుచ్చుతుంటే చూపు తిప్పుకోలేదు.
"నల్లగా వస్తాదేమో అనుకున్నానమ్మా,
ఎర్రగానే ఉంది గదా" అని నవ్వాడు.
"ఇందులో ఏటి సూస్తారు?"
చిరుగులు, అన్నాను.
"వలకైతే దారం ఉంటాది. దీనికేటుంటాది?"
దూది గట్టిగా నొక్కి పట్టుకోమన్నాను.

ఆ నెత్తుట్లోంచి డీఎన్‌ఏ
ఆల్కహాల్‌లో తెల్లటి నూలుపోగులా తేలింది.

రాత్రి. నల్లగుడ్డ తెరలు.
రేవులో ఓడ కూత తప్ప లోపలికి ఏదీ రాదు.
పదిహేడు వెలిగింది.
పదహారు, పద్దెనిమిదీ కూడా.
నా అణువు పనిచేస్తోందని
లేచి ఒక్క గంతు వేశాను.
తర్వాత కూర్చున్నాను.

పోల్చడానికి చెక్కుచెదరని నెత్తురొకటి కావాలి.
వస్తానన్న కుర్రాడు రాలేదు.
నా చెయ్యే చాచాను.
నాకేం, నేను బెర్తు మొహం చూడలేదు,
జ్ఞానాపురంలో పుట్టి పెరిగానంతే.
ఆరేసిన తెల్ల యూనిఫాం సాయంత్రానికి బూడిద రంగు.
పెరుగు గిన్నె మీద మూత, మూత మీద నలుపు.
కిటికీ గట్టు మీద పేరుకున్న పొడిలో
వేలితో దిద్దుకునే
నేను నా పేరు రాయడం నేర్చుకున్నాను.

ఎల్లాజీ అంత వెలగలేదు నాది.
వెలగలేదని మాత్రం అనలేను.

నోటుబుక్కులో 'ఆరోగ్యవంతం' అని
ముందే రాసుకున్న గడి.
కాసేపు దాన్నలా వదిలేశాను.
తర్వాత కొట్టేసి
ఇరవై మూడో నమూనా, హైమ, అని రాశాను.

నీలం దీపం కిందే క్యూవెట్ కడిగాను.
కుళాయి తిప్పగానే ఆ ఎరుపు ఆరిపోయింది,
సింకులో.

రేపు ఎల్లాజీ చీటీ కోసం వస్తాడు.
దారం సంగతి మళ్ళీ అడుగుతాడు.