కుందేలు సాక్ష్యం

చిట్టి సీసా అడుగున
ఇంక మూడు చుక్కలే.
అనంతపురంలో కరెంటు పోయిన రాత్రి
థర్మాసులో ఐసుగడ్డల మధ్య
ఇంటికి మోసుకుపోయి కాపాడిన చుక్కలు.

ఎక్కడి కుందేలో,
దాని నెత్తురు నేర్చుకున్న గుర్తు ఇది:
"పెరుగు, పెరుగు" అనే మాట వినే చెవుల్ని
కణం గోడ మీద వెతికి పట్టుకుంటుంది.
ఇంక దేన్నీ తాకదు.

కళ్యాణదుర్గం ఓబులమ్మ రొమ్ము నుంచి తీసిన ముక్క
ఉల్లిపొర కంటే పలచన, గాజు మీద.
చేన్లో కుందేళ్లు పడి
శెనక్కాయ తవ్వుకుపోతాయని
నిన్న బెంచీ మీద తిడతా ఉండె.

రంగు పట్టింది.
ప్రతి కణం చుట్టూ శెనగ్గింజ పొట్టు రంగు,
ఎక్కడా తెగని గీత.
మూడు అని రాశాను.
చెడ్డదే. దీనికి మందుంది.

బయట ఆమె కొంగుముడి విప్పి
"తిను నాయనా,
కుందేళ్లు మిగిల్చినవి" అంది.